చలికాలానికి తగ్గట్టు మైదానాల వేళలు మార్చాలి

సంపాదకులకు నమస్కారం.

కార్తీకం వెళ్లిపోగానే మా హనుమకొండలో మైదానాలు పలచబడతాయి. దసరా వరకు తెల్లవారకముందే కిక్కిరిసి ఉండే చోట మార్గశిరం నాటికి పదిమంది, పుష్యం వచ్చేసరికి ముగ్గురో నలుగురో మిగులుతారు. మళ్లీ శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక గానీ ఆ పిల్లలు కనిపించరు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందిన నేను, ఇప్పుడు పోలీసు, సైనిక ఉద్యోగాలకు సిద్ధమయ్యే యువతీ యువకులకు రోజూ పరుగు నేర్పుతున్నాను. ఈ మూడు నెలల విరామం వారికి ఎంత నష్టం చేస్తున్నదో, దాన్ని తప్పించడానికి మైదానాల నిర్వాహకులు పెద్ద ఖర్చు లేకుండా ఏమి చేయవచ్చో మీ పత్రిక ద్వారా విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

తప్పంతా పిల్లలదే అని నేను అనను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ డిసెంబర్ రాగానే ఉదయపు సాధన ఆపించినవాడిని నేనే. చలిగాలికి ఊపిరితిత్తులు పాడవుతాయని, పడిశం పడుతుందని తల్లిదండ్రులు అంటే నేనూ సరేనన్నాను. ఆ అలవాటు ఎంత చెడ్డదో 2022లో తెలిసివచ్చింది. ఆ ఏడాది పోలీసు కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష ఆగస్టులో జరిగింది, ఫలితాలు అక్టోబర్‌లో వచ్చాయి, డిసెంబర్ 8 నుంచి దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యాయి. పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. పరుగులో తప్పినవారికి లాంగ్ జంప్, షాట్‌పుట్ దాకా వెళ్లే అవకాశమే లేదు. నా దగ్గర నేర్చుకున్న నర్సంపేట వైపు అబ్బాయి ఒకడు సెప్టెంబర్‌లో అదే దూరాన్ని 6 నిమిషాల 40 సెకన్లలో, ఆఖరున నవ్వుతూ పూర్తి చేసేవాడు. దీపావళి తర్వాత ఇంట్లో పత్తి ఏరుడు పని మీదపడింది, పొద్దు కురచయింది, చలి మొదలైంది, అయిదు వారాలు వాడు మైదానం ముఖం చూడలేదు. పరీక్షలో నాలుగు సెకన్ల తేడాతో పోయాడు. బయటికి వచ్చి, "సార్, మూడో రౌండు దాటంగనే కాళ్లల్ల ఇసుక పోసినట్టయింది" అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ వాళ్ల నాయన, "ఏం జేస్తం సార్, మళ్లొచ్చేసారి చూద్దాం" అన్నాడు. ఆ మళ్లొచ్చేసారి కోసం ఏళ్ల తరబడి ఎదురు చూడాల్సి వస్తుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

6 నిమిషాల 40 సెకన్ల నుంచి 7 నిమిషాల 19 సెకన్లకు పడిపోవడం అంటే 39 సెకన్లు పోవడం. అవి ఎక్కడికి పోయాయో శరీరశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. ఏడు నిమిషాల పరుగు చూడటానికి చిన్నదే అయినా, దానికి కావలసిన శక్తిలో అధిక భాగం మనం పీల్చే ప్రాణవాయువు వల్లనే పుడుతుంది కాబట్టి, అది దూరపు పరుగుల కోవలోకే వస్తుంది. సాధన మానిన మొదటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. దానితో గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గుతుంది. నిన్నటి వేగాన్నే అందుకోవడానికి గుండె ఇవాళ మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. బాగా తర్ఫీదు పొందినవారి మీద అమెరికాలో జరిగి 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో, శరీరం వాడుకోగల ప్రాణవాయువు గరిష్ఠ పరిమాణం సాధన పూర్తిగా మానిన మూడు వారాలకు సుమారు 7 శాతం, ఎనిమిది వారాలకు సుమారు 16 శాతం తగ్గింది. నెలల తరబడి కష్టపడి సంపాదించుకున్నది వారాల్లో కరిగిపోతుందన్న మాట.

అయితే ఇందులో ఊరటనిచ్చే సంగతి కూడా ఒకటి ఉంది, దాన్ని మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. 1980ల ఆరంభంలో జరిగిన మరో వరుస పరిశోధనల్లో, వారానికి ఆరు రోజులు సాధన చేస్తున్నవారు దాన్ని నాలుగు రోజులకు, చివరికి రెండు రోజులకు తగ్గించినా, ఆ రెండు రోజుల్లో పడే శ్రమ తీవ్రతను తగ్గించకుండా ఉంటే, వారి శ్వాస సామర్థ్యం 15 వారాల పాటు దాదాపు నిలిచే ఉంది. రోజులు తగ్గించినా నిలిచింది, నిడివి తగ్గించినా నిలిచింది, తీవ్రత తగ్గిస్తే మాత్రం నిలవలేదు. కార్తీక పౌర్ణమి నుంచి మహాశివరాత్రి దాకా వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి, దాదాపు పదిహేను వారాలే అవుతుంది. చలికాలమంతా రోజూ రెండు గంటలు మైదానంలో ఉండమని నేను ఎవరినీ అడగడం లేదు. వారానికి రెండు మూడు రోజులు, ముప్పై నలభై నిమిషాలు, గట్టిగా చేస్తే చాలు. ఆ మాత్రం చేసి ఉంటే మా నర్సంపేట అబ్బాయి ఈపాటికి ఖాకీ దుస్తుల్లో ఉండేవాడు.

పుస్తకంలో చదివినప్పుడు సగమే కుదిరిన నమ్మకం, కళ్లారా చూసినప్పుడు పూర్తిగా కుదిరింది. ఆ తర్వాత ఒక చలికాలం మూడు నెలలు అమెరికాలో మినియాపోలిస్ నగరంలో మా అమ్మాయి ఇంట్లో గడిపాను. జనవరిలో అక్కడి సగటు ఉష్ణోగ్రతే సున్నాకు తొమ్మిది డిగ్రీల దిగువన ఉంటుంది. సరస్సులు గడ్డకట్టి వాటి మీద మనుషులు నడుస్తారు. అమ్మాయి అప్పుడు వసంతంలో జరిగే ఒక మారథాన్‌కు సిద్ధమవుతోంది. నాలుగు నెలల సాధన అవసరమైన ఆ పరుగు ఏప్రిల్‌లో ఉంటే, సాధన డిసెంబర్‌లో మొదలుపెట్టక తప్పదు. ప్రపంచ ప్రసిద్ధమైన బోస్టన్ మారథాన్ కూడా ఏటా ఏప్రిల్ మూడో సోమవారమే జరుగుతుంది, కాబట్టి ఆ ఉత్తరాది రాష్ట్రాల పరుగువీరులకు మంచు కురిసే కాలమే అసలైన సాధన కాలం.

వాళ్ల ఇంటి తలుపు పక్కన ఒక పాత బూట్ల జత ఉండేది. మొదటి రోజు దాన్ని తిరగేసి చూస్తే, అడుగుభాగం అంచుల వెంబడి, వేళ్ల దగ్గర, మడమ దగ్గర చిన్న చిన్న ఇనుప స్క్రూలు బిగించి ఉన్నాయి. రేకులకు వాడే పొట్టి స్క్రూలు అవి, ఆరు పలకల తల ఉన్నవి, ఒక్కో బూటుకు పదో పన్నెండో ఉన్నాయి. తల అంచులు గడ్డకట్టిన నేలను పట్టుకుంటాయి, స్క్రూ పొట్టిది కాబట్టి మొన పాదానికి తగలదు. "బాపూ, తెల్లగ కనిపించే మంచుతోని భయం లేదు, తారురోడ్డు రంగుల కలిసిపోయి కనిపించని పలచటి గడ్డతోనే భయం" అని చెప్పింది. పరుగు నుంచి తిరిగి వచ్చాక ఆ బూట్లలో పాత పేపర్లు ఉండచుట్టి కూరేది, తెల్లారేసరికి తడి పీల్చుకునేవి. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకొని పోయేది, ఎందుకంటే నీరు పైనుంచి గడ్డకడుతుంది, తలకిందులుగా ఉంటే మూత వైపు నీరు నీరుగానే ఉంటుంది. తిరిగి వచ్చేసరికి కనురెప్పల మీద ఊపిరి ఆవిరి గడ్డకట్టి తెల్లటి పూసల్లా ఉండేది. కన్నతండ్రిగా మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు, వద్దని బతిమాలాను కూడా.

రెండో వారానికి ఆమె చేస్తున్నది మొండితనం కాదని అర్థమైంది. దుస్తులు మూడు పొరలుగా వేసుకునేది. ఒంటికి తగిలే పొర నూలుది కాదు, చెమటను బయటికి తోసే బట్ట. గడప దాటిన మొదటి పది నిమిషాలు కొంచెం వణుకుతూ ఉండాలని, బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉంటే నడిమధ్యలో చెమటతో తడిసి, ఆ తడి చల్లబడి ప్రాణం మీదికి వస్తుందని చెప్పేది. గాలి ఎటు వీస్తున్నదో ముందు చూసుకొని, పోయేటప్పుడు ఎదురుగాలిలో పోయి వచ్చేటప్పుడు గాలి వీపుకు తగిలేలా దారి ఎంచుకునేది, ఎందుకంటే అప్పటికి ఒళ్లు తడిసి ఉంటుంది, తడి ఒంటికి ఎదురుగాలి తగలకూడదు. కొత్తగా కురిసిన మంచులో పాదం దిగబడి వెనక్కి జారుతుంది కాబట్టి కిలోమీటరుకు నిమిషం ఎక్కువ పట్టిన రోజులూ ఉన్నాయి. ఆ రోజు గడియారాన్ని పట్టించుకునేది కాదు. ఊపిరి ఎంత ఆడుతున్నది, ఒక వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే ఆమెకు కొలత. గాలితో కలిసి చలి సున్నాకు 27 డిగ్రీల కిందికి దిగితే, కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అటువంటి రోజుల్లో ఇల్లు దాటి పోకుండా ట్రెడ్‌మిల్ మీద, ఎదురుగాలి లోటు తీరడానికి దాన్ని ఒక శాతం వాలుకు ఎత్తి, పని కానిచ్చేది. అదీ కుదరకపోతే మెట్లు ఎక్కి దిగేది. వారంలో రెండు గట్టి సాధనలు మాత్రం మూడు నెలల్లో ఒక్కసారీ తప్పలేదు.

నన్ను అంతకంటే ఆలోచింపజేసినది ఆ ఊరి తీరు. మంచు కురవడం ఆగిన ఒక రోజులోగా ఎవరి ఇంటి ముందు కాలిబాట వారు శుభ్రం చేయాలన్నది అక్కడి నగర నిబంధన. సరస్సుల చుట్టూ ఉన్న నడక దారులను పార్కుల శాఖ యంత్రాలతో ఊడ్పిస్తుంది. అరవై వేలకు పైగా జనం పట్టే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం లోపలి నడవాను చలికాలంలో కొన్ని సాయంత్రాలు పరుగెత్తేవారికి తెరుస్తారు. లోపల ముసలివారు, పిల్లలను బండిలో తోసుకుంటూ తల్లులు, మారథాన్‌కు సిద్ధమయ్యేవారు అందరూ గుండ్రంగా తిరుగుతూ ఉంటారు. కాలం మారినప్పుడు ఊరు కూడా తన వేళలూ చోట్లూ మార్చుకుంటున్నది. మన దగ్గర మాత్రం మే నెలకు పెట్టిన వేళలే జనవరిలోనూ నడుస్తున్నాయి.

మంచులో సాధన కొత్త విషయమేమీ కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5 వేల మీటర్లు, 10 వేల మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణాలు గెలిచిన చెకొస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటోపెక్ బరువైన సైనిక బూట్లతో మంచులో పరుగెత్తి సాధన చేసినవాడు. మన నిజామాబాద్ జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కడానికి ముందు భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ పొందింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకుల పాఠశాలలో చదివే గిరిజన బాలిక హిమాలయాల మంచులో నిలబడగలిగినప్పుడు, హనుమకొండ చలికి మన పిల్లలు ముసుగుతన్ని పడుకోవాల్సిన పని లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే అయినా, అక్కడ కురిసే మంచు వేరు, మన పొలాల మీద తెల్లవారుజామున పరుచుకునే పొగమంచు వేరు. ఆ మంచు కాళ్లను పట్టుకుంటుంది, ఈ మంచు కళ్లను కప్పుతుంది. వరంగల్‌లో డిసెంబర్, జనవరి ఉదయాలు చాలావరకు పన్నెండు నుంచి పదహారు డిగ్రీల మధ్య ఉంటాయి. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో పదికి లోపు దిగడం ఏటా చూస్తున్నదే, కొన్ని రాత్రులు అయిదారు డిగ్రీలకు పడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. దూరపు పరుగు విషయంలో తెలిసినవారెవరైనా చెప్పేది ఏమిటంటే, ఏడెనిమిది డిగ్రీల నుంచి పదిహేను డిగ్రీల దాకా ఉండే చల్లదనమే మనిషి అత్యుత్తమంగా పరుగెత్తగలిగే వాతావరణం. పెద్ద మారథాన్లను వసంతంలోనో శరదృతువులోనో పెట్టడానికి కారణం కూడా అదే. అసలు మనకు గండం చలికాలం కాదు. రామగుండంలో, మంచిర్యాలలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలు కాసే వేసవి. మినియాపోలిస్ వారికి జనవరి ఎటువంటిదో మనకు మే నెల అటువంటిది. వారికి దొరకని చల్లటి ఉదయాలు మనకు మూడు నెలల పాటు ఉచితంగా దొరుకుతుంటే, మనం ఆ మూడు నెలలే ఎంచి మరీ విశ్రాంతి తీసుకుంటున్నాము.

చలిలో శ్రమించడం ఈ నేలకు కొత్త అని కూడా అనలేము. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతర కోసం, మెస్రం వంశీయులు గోదావరిలోని హస్తినమడుగు నుంచి పవిత్ర జలం తెస్తారు. రోజుల తరబడి అడవి దారిలో, చెప్పులు లేని కాళ్లతో, ఏడాదిలోకెల్లా చలి ముదిరిన రోజుల్లో నడిచి పోయి నడిచి వస్తారు. వారిలో వయసు మళ్లినవారూ ఉంటారు. జాతరకు వెళ్లినప్పుడు ఒక పెద్దమనిషి పాదాలు దగ్గరగా చూశాను. పగిలిన మడమలకు నూనె రాసుకుంటూ చలిమంట పక్కన కూర్చొని, "నడుస్తుంటే చలి తెల్వది, ఆగితేనే తెలుస్తది" అని ఆయన నాతో చెప్పిన మాట, మా అమ్మాయి చెప్పిన పొరల లెక్కకు ఏ మాత్రం తక్కువ కాదు. ఆగినప్పుడే చలి పట్టుకుంటుంది కాబట్టి, పరుగు ముగిసిన అయిదు నిమిషాల్లో తడి బనియన్ మార్చుకొని పొడి బట్ట వేసుకోవాలని ఇప్పుడు నా పిల్లలకు మొదటి పాఠంగా చెబుతున్నాను.

మన చలికాలంలో నిజమైన ప్రమాదాలు మూడు ఉన్నాయి: చీకటి, పొగమంచు, పొగ. వీటిలో పొగ గురించి జనంలో అవగాహన తక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మామూలుగా నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దానితో పాటు పొగ, దుమ్ము కూడా పైకి పోతాయి. చలికాలపు రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే, నేల త్వరగా చల్లారి, దాని మీది గాలి చల్లబడి కిందనే ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కప్పేస్తుంది. ఆ మూత కింద వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, వీధి మూలల్లో టైర్లు వేసి కాచుకునే చలిమంటల పొగ అన్నీ తెల్లవార్లూ చిక్కుకుపోతాయి. పొద్దు పొడిచి నేల కాస్త వేడెక్కితే గానీ ఆ మూత తెరుచుకోదు. కాబట్టి చలికాలంలో తెల్లవారుజామున నాలుగున్నర, అయిదు గంటలకు పీల్చేది స్వచ్ఛమైన గాలి అన్న మన నమ్మకం చాలా రోజుల్లో తప్పు. వేసవిలో ఆ వేళే సరైనది. చలికాలంలో పొద్దు పొడిచిన గంటకు, లేదా సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు లోపు పరుగెత్తడం మేలు. అరవై దాటినవారు, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు చీకట్లో నడకకు బయలుదేరడం మాని ఎండ పడ్డాకే పోవాలని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది.

చీకటి, పొగమంచు సంగతి చెప్పనక్కర లేదు. మైదానం తెరిచి లేకపోతే పిల్లలు రోడ్డెక్కుతారు. నర్సంపేట రోడ్డు, ములుగు రోడ్డు, కరీంనగర్ రోడ్డు, ఏది చూసినా పొగమంచులో ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషి కనిపించడు, పత్తి లారీలు ఏనుమాముల మార్కెట్ వైపు వస్తూనే ఉంటాయి. నల్ల ట్రాక్ ప్యాంటు, నల్ల టీషర్టు వేసుకొని, చెవుల్లో పాటలు పెట్టుకొని, వాహనాలకు వీపు చూపిస్తూ పరుగెత్తే పిల్లలను ఆపి మందలించని వారం లేదు. వాహనాలకు ఎదురు దిశలో పరుగెత్తమని, మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోమని, చెవులు ఖాళీగా ఉంచుకోమని చెబుతాను. కానీ అసలు వారు రోడ్డు మీదికి రాకుండా చూడటమే సరైన మార్గం.

ఊపిరి విషయంలో పెద్దల భయం పూర్తిగా ఒట్టిది కాదు. చల్లటి పొడిగాలిని వేగంగా పీల్చినప్పుడు కొందరికి శ్వాసనాళాలు బిగుసుకొని దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలు వైద్యుని సలహా తీసుకొని, ఆయన చెబితే ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకొని మాత్రమే పరుగెత్తాలి. మిగతావారికి ముక్కు నోటికి అడ్డంగా పలచటి బట్ట కట్టుకుంటే చాలు, లోపలికి పోయే గాలి వెచ్చబడి తేమ పట్టుకుంటుంది. పర్వతగిరి వైపు నుంచి మా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి చున్నీని రెండు మడతలు వేసి నోటికి కట్టుకొని పరుగెత్తేది. నెల రోజుల్లో ఆమె దగ్గు పోయింది. ఆమెకు ఉన్న మరో ఇబ్బంది పాదాలకు పొక్కులు. చూస్తే నూలు సాక్సులు గడ్డి మీది మంచుకు తడిసి పిండితే నీళ్లు కారుతున్నాయి. సాక్సులు మార్పించి, గడ్డి మీద కాకుండా మట్టి దారి మీద పరుగెత్తించాక ఆ బాధా పోయింది. వేడెక్కడానికి వేసవిలో అయిదు నిమిషాలు చాలినచోట చలిలో పదిహేను నిమిషాలు పెట్టుకోవాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి, చలిలో దాహం మందగిస్తుంది గానీ చెమట ఆగదు. పొగమంచు విడవని రోజున తాడాట, మెట్లు. పద్మాక్షి గుట్ట మెట్లు నాలుగుసార్లు గట్టిగా ఎక్కి దిగితే ఆ రోజు సాధన వృథా పోయినట్టు కాదు.

ఇక నా విన్నపం. పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదని మన పెద్దలు అన్నారు. జనవరి మొదట్లో వరంగల్‌లో పొద్దు పొడిచేసరికి ఆరున్నర దాటుతుంది, సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. నగరంలో నేను పిల్లలతో వెళ్లే ఒక మైదానాన్ని ఏడాది పొడుగునా ఉదయం అయిదింటికి తెరిచి ఏడున్నరకు మూస్తారు, సాయంత్రం అయిదింటికి తెరిచి చీకటి పడగానే మూస్తారు. అంటే చలికాలంలో గాలి బాగుండని, కళ్లు కనిపించని వేళ అది తెరిచి ఉంటుంది. గాలి తేటపడి, ఎండ వచ్చి, పరుగుకు అన్నివిధాలా అనుకూలమైన వేళకు తాళం పడుతుంది. సాయంత్రం గంటసేపు కూడా వెలుతురు దక్కదు. నిరుడు డిసెంబర్‌లో ఒకరోజు ఏడున్నరకు మమ్మల్ని బయటికి పంపేటప్పుడు పొగమంచు అప్పుడే విడుతున్నది. పన్నెండు మంది పిల్లలు సంచులు భుజాన వేసుకొని గేటు బయట నిలబడి, తేటపడుతున్న ట్రాక్‌ను జాలీ సందుల్లోంచి చూశారు. కాపలా మనిషి మీద నాకు కోపం లేదు, ఆయనకు ఇచ్చిన కాగితంలో ఉన్న వేళలవి.

కాబట్టి కార్తీక పౌర్ణమి నుంచి మహాశివరాత్రి దాకా మైదానాలను ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉంచాలని కోరుతున్నాను. సాయంత్రం వేళకు ట్రాక్ చుట్టూ నాలుగు దీపాలు వెలిగితే చాలు. పగలంతా పత్తి చేలల్లో, జిన్నింగ్ మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసి వచ్చే పిల్లలకు పొద్దు గుంకాక దొరికే ఆ రెండు గంటలే దిక్కు. ముఖ్యంగా ఆడపిల్లలను చీకటి పడ్డాక రోడ్ల మీద పరుగెత్తమని ఏ తల్లీ పంపదు, దీపాలున్న మైదానానికైతే పంపుతుంది. పాఠశాలల, కళాశాలల మైదానాలను కూడా తరగతులు మొదలయ్యే దాకా, ముగిశాక ఈ పిల్లలకు వాడుకోనివ్వాలి. పోలీసు, సైనిక నియామక పరీక్షలు ఏ కాలంలో వస్తాయో మన చేతిలో లేదు. సైన్యం నియామక ర్యాలీలో పూర్తి మార్కుల కోసం 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో, అంటే 400 మీటర్ల ఒక్కో రౌండు 82 సెకన్లకు అటూఇటుగా పరుగెత్తాలంటే, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టే సాధన చాలదు.

మన ఊరికి పరుగు కొత్త కాదు. 2021 సెప్టెంబర్‌లో ఇదే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు, పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తి చేసి, 2002 నుంచి చెక్కుచెదరని సునీతా రాణి జాతీయ రికార్డును తిరగరాసింది. కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవారు పోటీపడే టీ20 విభాగం 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఆ ఊళ్ల పక్క ఊళ్ల పిల్లలే ఇవాళ గేటు బయట నిలబడుతున్నారు.

సిబ్బంది కొరత వల్ల వేళలు పెంచలేమని ఒకసారి నాకు సమాధానం వచ్చింది. అది నిజమే కావచ్చు. నాలాగే విరమణ పొందిన ఇద్దరు వ్యాయామోపాధ్యాయులు, నేను కలిసి వంతులు వేసుకొని చలికాలమంతా ఉదయం, సాయంత్రం మైదానం దగ్గర ఉండటానికి సిద్ధంగా ఉన్నాము. తాళంచెవి తీసుకున్నట్టు, అప్పగించినట్టు పుస్తకంలో సంతకం చేస్తాము, వచ్చిన ప్రతి ఒక్కరి పేరు రాస్తాము, దీపాలు ఆర్పి గేటు వేసి పోతాము. ఇందుకు మాకు ఏ పారితోషికమూ అక్కర లేదు. ఈ కార్తీక పౌర్ణమిలోగా ఒక్క మైదానంలోనైనా ఈ ఏర్పాటు చేసి చూడాలని జిల్లా అధికారులను, విద్యాసంస్థల ప్రిన్సిపాళ్లను వేడుకుంటున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు
హనుమకొండ